ఏడాదికో గజం

మా కారు పన్నెండేళ్ళలో పన్నెండు గజాలు నడిచింది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి ఒకసారి ఊరికే కూర్చుని దాని వేగం కట్టాను. పొలంలో షెడ్డు నుంచి కిలోమీటరు దూరంలో ఉన్న ఇంటికి రావాలంటే ఆ లెక్కన వెయ్యేళ్ళ పైచిలుకు పడుతుంది. ఆ మాట మా అత్తకి చెబితే, "వస్తందిగా!" అంది.

అది తెల్ల అంబాసిడర్. తెల్లదని ఇంట్లో వాళ్ళకి తెలుసు గానీ కొత్తవాళ్ళు బూడిద రంగనుకుంటారు. మా మామగారిది. నరసరావుపేటకి బస్సులో అరగంట దూరంలో ఉన్న మా ఊళ్ళోకి వచ్చిన మొదటి కారు అదే. దానికి మైకు కట్టుకుని ఆయన రెండుసార్లు సర్పంచికి నిలబడ్డాడు, రెండుసార్లూ ఓడిపోయాడు. కారు మాత్రం ప్రతిసారీ గెలిచినట్టే దుమ్ము లేపుకుంటూ తిరిగేదట.

దానిలో ఉన్నది పుట్టుకతో వచ్చిన ఇంజను కాదు. నేను కాపురానికి రాకముందే ఆయన పెట్రోలు ఇంజను తీయించేసి, ఎక్కడిదో ఒక పాత వ్యాను డీజిలు ఇంజను పెట్టించాడు. ఖర్చు కలిసొస్తుందని ఊరందరికీ చెప్పుకున్నాడు. ఖర్చు సంగతేమో గానీ, శబ్దం పక్క ఊరి దాకా కలిసొచ్చింది. కారు స్టార్టు చేస్తే మా వీధిలో మాట వినపడేది కాదు. ఊళ్ళో దానికి పిండిమర అని పేరు పెట్టారు. ఎదురింటావిడ చేటలో బియ్యం పోసుకుని వచ్చి, "అన్నా, కాస్త పిండి పట్టి పెట్టవా" అని అడిగేదట. రెండోసారి ఎన్నికలప్పుడు అవతలి పార్టీ వాళ్ళు ఆ పేరునే వీధి వీధినా అరిచారు. కొత్త ఇంజను కాస్త ఎత్తు కావడంతో బానెట్టు మూతపడక, రేకు కోసి దాని మీద గిన్నె బోర్లించినట్టు ఒక గూని చేయించారు. స్టీరింగు పక్కన ఉండాల్సిన గేరు పోయి కింద నేలలోంచి మొలిచింది. దాని చుట్టూ కోసిన రంధ్రంలోంచి రోడ్డు కనిపించేది. పెళ్ళైన కొత్తలో ఆ కారులో బస్టాండు ముందు నుంచి పోవాల్సొస్తే నేను కొంగు తల మీదుగా లాక్కునేదాన్ని. కొత్త కోడలికి ఎంత సిగ్గో అని చూసినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

మామగారు పోయే ముందు వారం ఆయనే దాన్ని పొలంలో రేకుల షెడ్డులో పెట్టి దిగాడు. మళ్ళీ ఎవరూ ఎక్కలేదు. మా ఆయన లారీల మీద మాచర్ల, హైదరాబాదు తిరిగే మనిషి. ఇంటి గొడవల్లో ఎటూ మొగ్గడు, అసలు దొరకడు. కాబట్టి ఈ కథలో ఆయన లేడు. మిగిలింది నేనూ, మా అత్తా, పక్కింట్లో ఉండి వ్యవసాయం చేసే మా మరిదీ.

ఇక ఆ పన్నెండు గజాల సంగతి. దసరాకి ఆయుధ పూజ అంటే మా ఇంట్లో కత్తిపీట నుంచి ట్రాక్టరు దాకా అన్నిటికీ బొట్టు పడాల్సిందే. బండ్లకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా ముందుకు పోనివ్వాలి. నిమ్మకాయ నలిగితేనే పూజ అయినట్టు. మామగారు పోయిన ఏడాది మరిది ట్రాక్టరుకీ, మోటారు సైకిలుకీ పూజ చేయించి పళ్ళెం దించబోతే మా అత్త, "దానికో?" అంది.

"చచ్చిన బండికి పూజేందమ్మా" అన్నాడు మరిది.

"మీ నాయన పోయాడు గానీ బండి పోలేదు. నువ్వు టైర్లకి గాలి కొట్టు."

కొట్టాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, పత్తి తీతకొచ్చిన కూలీల్లో ఆరుగురు మగవాళ్ళని పిలిచి తోయించింది. వాళ్ళు పళ్ళు కొరుక్కుంటూ, మూలుగుతూ, మధ్యలో ఒకసారి ఆగి బీడీ తాగి, మొత్తానికి ఒక గజం జరిపారు. కాయలు నలిగాయి. వెనక్కి నెట్టేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. పూజ చేసిన బండి వెనక్కి పోకూడదు. వచ్చే ఏడాది అక్కడి నుంచి ఇంకో గజం. ఇలా ఏటేటా తిరునాళ్ళకి పోయినంత నిష్ఠగా అది షెడ్డులో ఒక కొస నుంచి రెండో కొసకి బయల్దేరింది. నేను చూసి నవ్వుకునేదాన్ని. దేవుడి పేరు చెప్పి ఆరుగురికి నడుం నొప్పి తెప్పించడం తప్ప ఇందులో ఏముందని మా ఆయనతో ఫోన్లో అనేదాన్ని కూడా.

ఈ ఏడు దసరా ఇంకా మూడు వారాలుందనగా మరిది ఒక సంగతి కనిపెట్టాడు. కారు ముక్కుకీ, ఎదురు గోడకీ మధ్య జానెడు దూరమే మిగిలింది.

"ఈసారి గోడ పగలగొట్టాలా?" అని ఇంటి మధ్యలో నిలబడి అడిగాడు. అతనికీ ఇబ్బంది ఉంది. కొత్తగా ట్రాక్టరు వెనక కట్టి దున్నే రోటవేటరు కొన్నాడు, అది ఎండకి ఎండి వానకి తడుస్తోంది. షెడ్డులో సగం ఈ కారు యాత్రకే పోయింది. "వినుకొండ నుంచి తుక్కు కొనే అతను వస్తానన్నాడు. ఆదివారం కాక పై ఆదివారం తీసుకుపోతాడు. అయిపోయింది."

మా అత్త అన్నం తింటోంది. చెయ్యి కడుక్కుని వచ్చింది. "నడిచే బండిని తుక్కుకి ఇస్తావేందిరా?"

"అది నడుస్తదా?"

"నడిపించి చూపిస్తా."

"ఎవరు తొయ్యాలి?"

"ఎవరూ తొయ్యరు. షెడ్డులోంచి మన ఇంటి గేటు దాకా దానంతటది వస్తే నాది. మనిషి చెయ్యి పడితే నీది. తుక్కుకి ఇచ్చుకో, నెత్తిన పెట్టుకో, నేనేం అడగను."

మరిది నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి ఓడిపోతుందని ముందే తెలిసిన నవ్వది. కారు మీద నాకు ప్రేమేమీ లేదు, కానీ ఒళ్ళు మండింది. "మేస్త్రిని నేను తీసుకొస్తా" అన్నాను. నోరు జారాక అనుకున్నాను, ఈ నోటితోనే కదా ఇరవై ఏళ్ళుగా స్టాఫ్‌రూములో గొడవలు తెచ్చుకుంటున్నాను అని.

మేస్త్రి అంటే మెకానిక్కు. నరసరావుపేటలో ఇద్దర్ని అడిగాను. ఒకాయన ఫొటో చూసి, "మ్యూజియానికి ఇవ్వండి మేడం" అన్నాడు. రెండో ఆయన బానెట్టు మీద గూని చూసి ఫోను తిరిగిచ్చి, "ఇది మా గురువుగారి షెడ్డులో చేసింది. ఆ రేకు కోసింది నేనే" అన్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చెవిలో వెంట్రుకలు, చొక్కా జేబులో స్పానరు. మర్నాడు బడికి సెలవు పెట్టి ఆయన్ని పొలానికి తీసుకెళ్ళాను.

బానెట్టు ఎత్తగానే ఎలుకల కుటుంబం ఒకటి మమ్మల్ని చూసి నొచ్చుకుని లేచిపోయింది. రేడియేటరులో కందిరీగల గూడు. వైర్లు సగం ఎలుకలు తిన్నాయి, మిగతా సగం నచ్చక వదిలేశాయి. షెడ్డులో ఏటా మిరపకాయ బస్తాలు కారుకి ఆనించి పేర్చేవాళ్ళు కాబట్టి ఇంజను మీద ఎర్రటి పొడి అంగుళం మందాన పేరుకుని ఉంది. మేస్త్రి ఒక్కసారి వంగి, రెండుసార్లు తుమ్మి లేచాడు.

"అమ్మాయ్, ముందే చెప్తన్నా. పన్నెండేళ్ళు కదలని ఇంజను పట్టేసి ఉంటది. లోపల పిస్టను తుప్పుకి అతుక్కుపోద్ది. అదే జరిగితే నేనే తుక్కు కొట్టుకి ఫోన్ చేస్తా."

అప్పటి దాకా గట్టు మీద కూర్చున్న మా అత్త లేచి నిలబడింది. మేస్త్రి కిందకి దూరి, ఇంజను ముందు కొసన ఉన్న పెద్ద బోల్టుకి స్పానరు తగిలించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి లాగాడు. కాస్తంత బరువుగా తిరిగింది. ఆయన ఆపి, మళ్ళీ లాగాడు. మళ్ళీ తిరిగింది. బయటికి వచ్చి మమ్మల్నిద్దర్నీ అనుమానంగా చూశాడు.

"దీన్ని ఎవరు తిప్పుతున్నారు?"

ఎవరూ తిప్పలేదన్నాం. నిమ్మకాయల సంగతి నేనే, కాస్త సిగ్గుపడుతూ చెప్పాను. ఆయన తలుపు తీసి గేరు రాడ్డు పట్టుకుని చూశాడు. ఇక ఆ మనిషి నవ్వడం మొదలుపెడితే ఆగలేదు.

"గేర్లో ఉంది! టాపు గేరు! పన్నెండేళ్ళూ గేర్లో పెట్టే తోశారా?"

అప్పుడు అర్థమైంది. మామగారికి డీజిలు కలిసొస్తుందని ఊరంతా టాపు గేరులో తిరిగే అలవాటుంది. చివరిసారి అదే గేర్లో ఆపి దిగిపోయాడు. గేరులో ఉన్న బండిని తోస్తే చక్రంతో పాటు ఇంజనూ తిరుగుతుంది, అందుకే ఏనుగంత బరువుంటుంది. ఏటా ఆరుగురు మగవాళ్ళు, పక్కన ట్రాక్టరు తోలే మా మరిది, వీళ్ళెవరికీ న్యూట్రల్ చేద్దామని తట్టలేదు. మోటారు సైకిలు ఆగిపోతే ముందు న్యూట్రల్ చేసే మనుషులే. కానీ ఇది పూజ. పూజలో మెదడు వాడితే పాపం కదా.

"న్యూట్రల్ చేసి తోసుంటే ఈపాటికి లోపల రాయైపోయేది. ఏడాదికోసారి రెండు చుట్లు తిప్పారు, అందుకే బతికింది. అక్కా, ఇది ఎవరి ఆలోచన?"

"నిమ్మకాయ నలగాలి గదయ్యా" అంది మా అత్త, ఇందులో అడగడానికేముందన్నట్టు.

పన్నెండేళ్ళు నేను నవ్విన నవ్వంతా నా మొహం మీదకే తిరిగొచ్చింది. ఆమె భక్తి గెలిచిందా, వాళ్ళ మతిమరుపు గెలిచిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత పది రోజులు మేస్త్రి ఇంట్లో మనిషైపోయాడు. ట్యాంకులో పాత డీజిలు కషాయంలా చిక్కబడితే వంచేసి, ట్యాంకుని సర్ఫుతో కడిగి ఎండలో పెట్టాడు. డీజిలు చిమ్మే నాజిళ్ళు, పంపూ విప్పి పేటలో శుభ్రం చేయించుకొచ్చాడు. క్లచ్చి ప్లేటు అతుక్కుపోతే అరిచి, తిట్టి, చివరికి సుత్తితో బతిమాలాడు. బ్రేకులు పని చేస్తాయన్నాడు, హ్యాండు బ్రేకు మాత్రం దేవుడి మీద భారం అన్నాడు. బ్యాటరీ కొత్తది కొనమంటే మా అత్త ట్రాక్టరు బ్యాటరీ చాలంది. ఇంట్లో ఉన్నదాన్ని వదిలి బజారుకి పోవడం ఆమె వంశంలో లేదు. ఆ పాత బ్యాటరీ మమ్మల్ని ముంచుతుందని అప్పుడు మాకు తెలియదు.

శనివారం నేను మళ్ళీ బడికి సెలవు పెట్టాను, ఉదయమే స్టార్టు చేశాం. తుక్కు అతను రావాల్సింది మర్నాడే. మరిది సాక్షిగా వచ్చి, చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు మూలిగి, మూడోసారి దగ్గి, నాలుగోసారి పెద్దగా పేలి అందుకుంది. అదే పిండిమర. రేకులు అదిరాయి. సంతోషంతో నేను చప్పట్లు కొట్టే లోపల ఇంజను ముందున్న ఫ్యాను, తుడవగా సందుల్లో మిగిలిన పన్నెండేళ్ళ మిరపపొడినంతా లేపి, సగం గేరు రంధ్రంలోంచి మేస్త్రి మొహానికీ, మిగతాది మాకూ పంచింది. ముగ్గురం తలో దిక్కుకి పరుగెత్తాం. కళ్ళ నుంచీ ముక్కు నుంచీ నీళ్ళు. మేస్త్రి మాత్రం కారుతున్న కళ్ళతోనే యాక్సిలేటరు వదలకుండా తొక్కి పట్టుకున్నాడు. ఆ మనిషికి అప్పుడే దండం పెట్టాలనిపించింది.

ఘాటు తగ్గాక గట్టు మీద కూర్చుని మొహాలు కడుక్కుంటుంటే ఆయన గర్వంగా అన్నాడు. "డీజిలు ఇంజను అక్కా ఇది. పన్నెండేళ్ళు పడుకుని లేచింది. ఆ పెట్రోలు ఇంజన్ని పెద్దాయన ఒక్క మధ్యాహ్నంలో చంపేశాడు."

"చంపడమేంది? ఖర్చని తీయించాడుగా" అన్నాడు మరిది.

"ఏం ఖర్చు? ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చాడు మా షెడ్డుకి. నీళ్ళు లేకుండా తోలాడు, లోపల మొత్తం కరిగి పట్టేసింది. మా గురువు అందరి ముందూ తిట్టాడు, ఇట్టాంటోణ్ణి ఎడ్లబండి కూడా ఎక్కనియ్యకూడదని. పెద్దాయన తలొంచుకుని, నాదే తప్పు అన్నాడు."

మా అత్త మొహం తుడుచుకుంటున్న కొంగుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయన కాదు. నేను తోలా" అంది.

మరిది, "నువ్వా?" అని ఆగిపోయాడు.

ఆమె చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు. మామగారు పొలం గట్టు తగాదాలో గురజాల కోర్టుకి వాయిదాకి పోయాడు. కారు తాళం మేకుకి వేలాడుతోంది. నరసరావుపేటలో కొత్త సినిమా వచ్చింది. వెనక సీట్లో కూర్చుని ఏళ్ళ తరబడి ఆయన కాళ్ళూ చేతులూ చూస్తూ నేర్చుకున్న విద్య ఉంది. పిల్లల్ని తోడికోడలి దగ్గర వదిలి, మ్యాట్నీకి బయల్దేరింది. సగం దూరం పోయాక బానెట్టు మీద ఆవిరి లేచింది.

"ఆగాల్సింది గదా" అన్నాడు మేస్త్రి.

"ఆగితే పేర్లు పడటం అయిపోద్ది. పేర్ల కాడ నుంచి చూడకపోతే అది సినిమా చూసినట్టేనా?"

పేట ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఇంజను చచ్చిపోయింది. నేను అడిగాను, మరి ఏం చేశావని. "రోడ్డు పక్కకి నెట్టించి, మిగతాది నడిచిపోయి సినిమా చూసొచ్చా. బండి ఎట్టాగూ పోయింది. సినిమా కూడా పోగొట్టుకోమంటావా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"సాయంత్రం ఆయనకి చెప్పా. కొడతాడనుకున్నా. సినిమా బాగుందా అని అడిగాడు. ఆడమనిషి కారు తోలి పాడు చేసిందంటే ఊళ్ళో నన్ను బతకనిస్తారా? తెల్లారి లేచి, పెట్రోలు భరించలేకపోతన్నా, డీజిలు పెట్టిస్తా అని ఊరంతా తనే చెప్పుకున్నాడు. అందరూ పిండిమర అన్నారు. ఓట్లప్పుడూ అన్నారు. ఓడిపోయాడు. ఒక్కనాడు, నీ వల్ల అని నాతో అనలేదు. ఆ నవ్వులన్నీ నాకు రావాల్సినయ్, ఆయన పడ్డాడు. ఇప్పుడు ఆ ఇంజన్ని తుక్కుకి ఇమ్మంటే ఎట్టా ఇచ్చేదే?"

చివరి ప్రశ్న నన్నే అడిగింది. కొంగు కప్పుకుని కూర్చున్న ఆ కొత్త కోడలు గుర్తొచ్చి సిగ్గేసింది. వెనక అద్దంలోంచి ఆయన నన్ను చూసే ఉంటాడు. ఒక్క మాట అనుంటే సరిపోయేది, అనలేదు. ఆయన పోయిన రోజు కూడా నాకు అంత ఏడుపు రాలేదు. మిరప ఘాటు ఉండబట్టి ఎవరూ గమనించలేదు.

మరిది లేచి, "సరే, వదినా, నువ్వు తోలు. చూద్దాం" అన్నాడు.

"అదేం తోలుద్ది. నేను తోల్తా" అని మా అత్త లేచి చెప్పులు విడిచి, కారులో డ్రైవరు సీటు ఎక్కింది.

లైసెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఊళ్ళో సగం ట్రాక్టర్లకి లేదు. ఎక్కగానే ఆమె ఎడమ చెయ్యి స్టీరింగు పక్కకి పోయి గాలిలో తడుముకుంది. ఆమె నేర్చుకున్న గేరు నలభై ఏళ్ళ క్రితమే తీసేశారు. మేస్త్రి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని కింద ఉన్న గేరు మీద పెట్టాడు. నేను వెనక సీట్లో కూర్చుని, నాకు తెలిసిన దేవుళ్ళనీ తెలియని దేవుళ్ళనీ తలుచుకున్నాను. గోడకి జానెడు దూరంలో ఉన్న కారు రివర్సులో కీచుమని వెనక్కి వచ్చింది. వెనక్కి పోకూడదు కదా అని నేను గుర్తు చేస్తే, "తోస్తేనే దోషం. దాని కాళ్ళతో అది ఎటన్నా పోద్ది" అంది.

పొలం దారంతా బాగానే వచ్చాం. మొదటి గేరులో, ఒక్కసారి కూడా మార్చకుండా. మరిది వెనక మోటారు సైకిలు మీద, మనిషి చెయ్యి పడుతుందేమోనని కాపలా కాస్తూ వచ్చాడు. కాలవ కట్ట ఎక్కాలి, దిగితే ఊరు, దిగిన మూల మీద మా ఇల్లు. కట్ట ఎక్కుతుంటే ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది. సరిగ్గా పైన, వంతెన మీద, ఆగిపోయింది.

మేస్త్రి దిగి, డీజిలు గొట్టంలో గాలి చేరిందని నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి గాలి తీశాడు. తాళం తిప్పితే ఇంజను తిరగలేదు. టక్ మని ఒక్క శబ్దం. ట్రాక్టరు బ్యాటరీ చేతులెత్తేసింది.

"ఒక్క నెట్టు నెడితే చాలు, దిగువే గదా, అందుకుంటది" అన్నాడు మేస్త్రి.

మా వైపు ఒక గుణం ఉంది. పొద్దున్నే తిట్టుకున్న వాళ్ళైనా సరే, బండి ఆగిపోతే పిలవకుండానే వచ్చి చెయ్యేస్తారు. వంతెన పక్కన టీ బంకులో ఉన్న నలుగురు గ్లాసులు పక్కన పెట్టి పరుగున వచ్చారు. మా అత్త కిటికీలోంచి తల బయట పెట్టి, "ఒరేయ్, ఎవడన్నా చెయ్యేశాడంటే చేతులిరగ్గొడతా!" అని అరిచింది. సాయానికి వచ్చి తిట్లు తినడం వాళ్ళకి కొత్త. చేతులు గాలిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. వెనక ఎరువుల ట్రాక్టరు, దాని వెనక స్కూలు ఆటో, హారన్లు. ఆటోలోంచి నా స్టూడెంట్లు "టీచరుగారూ!" అని చేతులూపారు.

ఆమె స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కిందకి చూస్తే మా గేటు కనబడుతోంది. ఒక్క నెట్టు. ఆ ఒక్క నెట్టు అడిగితే బండి పోతుంది. మెడ మీద నరాలు తేలాయి. దిగిపోదాం అత్తా, అనబోయి ఆగాను. ఆమెని ఓడిపోమని చెప్పే ధైర్యం నాకు రాలేదు.

అప్పుడు కారు కదిలింది.

"ఎవడ్రా అది?" అని ఆమె అద్దంలోకి అరిచింది. నేను వెనక్కి తిరిగి చూశాను. టీ బంకు వాళ్ళు ఎక్కడి వాళ్ళక్కడే ఉన్నారు. మోటారు సైకిలు రోడ్డు మీద అడ్డంగా పడి ఉంది. మా మరిది డిక్కీకి భుజం ఆనించి, చెప్పు జారిపోతున్నా చూసుకోకుండా తోస్తున్నాడు.

"నేనేనమ్మా! గేరెయ్!"

"తోస్తే బండి నీదవుద్దిరా!"

"అవనీ! ముందు గేరెయ్!"

వేసింది. కారు ఒక్కసారి ఎగిరి, నల్లటి పొగ అతని మొహం మీద కక్కి, పిండిమరై ఊళ్ళోకి దిగింది. మరిది వెనక పరుగెత్తుకుంటూ వచ్చాడు. గేటు ముందు ఆమె బ్రేకు మీద నిలబడినంత పని చేస్తే ఆగింది.

దిగి, తాళం చెవి తీసి, రొప్పుతున్న కొడుకు చేతిలో పెట్టింది. "మనిషి చెయ్యి పడింది. మాటంటే మాట. నీదే" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. మరిది కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగన్నాడు. తాళం జేబులో వేసుకుని, పడేసిన మోటారు సైకిలు తెచ్చుకోవడానికి కట్ట మీదకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అతను మా ఇంటి వైపు రాలేదు. మా అత్త సరిగ్గా తినలేదు.

ఆదివారం పది గంటలకి తుక్కు అతను మినీ లారీ వేసుకుని గేటు ముందు దిగాడు. నేను వరండాలో పేపర్లు దిద్దుతున్నాను. మరిది ఎదురు వెళ్ళి, కుర్చీ వేసి, టీ ఇప్పించి, షెడ్డులో విరిగిపోయిన పాత గొర్రు ఒకటుంది పట్టుకుపొమ్మన్నాడు.

"మరి కారన్నావు గదన్నా, ఏదీ?" అన్నాడతను.

"పొద్దున్నే తాళం మా అమ్మకిచ్చా, మేస్త్రిని ఎక్కించుకుని తీసుకుపోయింది. ఎప్పుడొస్తదో చెప్పలేదు" అన్నాడు మా మరిది.